రోజుకు వంద సిటప్స్ చేసినా పొట్ట ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 36. ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి నాలుగేళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు, నడుము చుట్టుకొలత 92 సెంటీమీటర్లు. ఆఫీసులో రోజంతా కుర్చీలోనే పని. మూడు నెలలుగా రోజూ నిద్ర లేవగానే 100 సిటప్స్ చేస్తున్నాను. నెల నుంచి రాత్రి భోజనం కూడా మానేశాను. బరువు కిలోన్నర తగ్గింది గానీ పొట్ట మాత్రం అలాగే ఉంది. పైగా నడుము నొప్పి మొదలైంది. పడుకున్నదాన్ని లేచేటప్పుడు పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బుతోంది. చెమట పట్టించే బెల్టు కొందామా అనుకుంటున్నాను. ఎవరైనా ‘మళ్లీ నెల తప్పావా’ అని అడిగితే ఏడుపొస్తోంది. రెండు నెలల్లో పొట్ట ఫ్లాట్ అవ్వాలంటే ఏ వ్యాయామాలు చేయాలి?

సమాధానం:

అమ్మా, ఇద్దరు పిల్లలతో, ఉద్యోగంతో సతమతమవుతూ మూడు నెలల పాటు రోజూ వంద సిటప్స్ చేశారంటే మీ పట్టుదలకు లోటేమీ లేదు. ఆ కష్టమంతా పెట్టిన చోటే సరైనది కాదు. అందుకే ముందుగా ఒకటి చెప్పేస్తాను, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం. రేపటి నుంచి సిటప్స్ ఆపేయండి. తగ్గించడం కాదు, పూర్తిగా ఆపేయండి.

ఎందుకంటే, మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన విషయమే నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది. అదే, లేచేటప్పుడు పొట్ట మధ్యలో గట్టులా ఉబ్బడం. పొట్ట ముందు భాగంలో పక్కటెముకల నుంచి కిందికి రెండు పట్టీల్లాగా నిలువు కండరాలు ఉంటాయి. వాటి నడుమ ఉండే గట్టి పొర ఆ రెండిటినీ కలిపి పట్టుకుంటుంది. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ ఆ పొర సాగుతుంది. ప్రసవమయ్యాక చాలామందికి మళ్లీ దగ్గరపడుతుంది. కొందరికి పూర్తిగా దగ్గరపడదు, ఏళ్లు గడిచినా మధ్యలో సందు మిగిలిపోతుంది. వైద్యులు దీన్ని డయాస్టాసిస్ రెక్టై అంటారు. ఇది ఉన్నవాళ్లకు కొవ్వు పెద్దగా లేకపోయినా పొట్ట ముందుకు వచ్చి కనిపిస్తుంది. ‘నెల తప్పావా’ అని అడిగించుకుంటున్న తల్లుల్లో చాలామందికి అసలు కారణం ఇదేనని, దానికి ఒక పేరు ఉందని కూడా తెలియదు.

ఇంట్లోనే ఒకసారి చూసుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. రెండు మూడు వేళ్లు దగ్గరగా చేర్చి, కొనలు పాదాల వైపు ఉండేలా బొడ్డుకు కాస్త పైన పెట్టండి. ఇప్పుడు తలా భుజాలూ కొద్దిగా పైకి లేపితే రెండు పక్కలా కండరాల అంచులు వేళ్లకు బిగుతుగా తగులుతాయి. బొడ్డు దగ్గర, దాని కింద కూడా ఇలాగే చూడండి. మధ్యలో రెండు వేళ్లకు మించి సందు ఉన్నా, వేళ్లు మెత్తగా లోపలికి దిగిపోతున్నా ఒక ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు మూత్రం చుక్కలు పడుతుంటే ఆ సంగతి కూడా సిగ్గుపడకుండా చెప్పండి. ప్రసవాల తర్వాత ఇది చాలామందికి ఉండేదే, దానికి వేరే వ్యాయామాలు ఉన్నాయి. బొడ్డు దగ్గర గడ్డలా బయటికి వచ్చి నొప్పి పెడుతుంటే మాత్రం హెర్నియా కావచ్చు. అప్పుడు వ్యాయామం సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

సందు ఉన్న పొట్టతో సిటప్స్ చేసినప్పుడు లోపలి ఒత్తిడంతా ఆ బలహీనమైన పొర మీదే పడుతుంది. మీకు కనిపిస్తున్న గట్టు అదే. ఏ వ్యాయామంలోనైనా పొట్ట మధ్యలో అలా గుడారంలా లేచిందంటే, ప్రస్తుతానికి అది మీ స్థాయికి మించినదని అర్థం. ఈ గుర్తు చాలా నమ్మకమైనది, ముందు ముందు కూడా వాడుకోండి.

నడుము నొప్పికి కూడా కారణం దూరంగా లేదు. సిటప్‌లో మనల్ని పైకి లేపేవి పొట్ట కండరాలు మాత్రమే కాదు. వెన్నుపూసల నుంచి తొడ ఎముక దాకా సాగే కండరాలు కూడా గట్టిగా లాగుతాయి, ఆ లాగుడు నేరుగా నడుము పూసల మీద పడుతుంది. రాత్రంతా పడుకున్నప్పుడు పూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి. అందువల్ల నిద్ర లేచిన మొదటి గంటలో నడుమును ముందుకు వంచితే వాటి మీద భారం మామూలు కంటే ఎక్కువగా పడుతుంది. మీరు సరిగ్గా ఆ వేళలోనే వందసార్లు వంగుతున్నారు. ఆ తర్వాత ఎనిమిది గంటలు కుర్చీలో. నొప్పి రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

ఇక కొవ్వు సంగతి.

ఎక్కడ కదిలిస్తే అక్కడే కొవ్వు కరుగుతుందని మనందరికీ అనిపిస్తుంది. సిటప్స్ చేస్తుంటే పొట్టలో మంట పుడుతుంది కదా, ఆ మంటకు కొవ్వు కరుగుతోందనుకుంటాం. ఆ మంట కండరం అలసిపోవడం వల్ల వచ్చేది. దాని మీద చర్మం కింద ఉన్న కొవ్వుకు ఆ సంగతే తెలియదు. శరీరానికి శక్తి కావాల్సి వచ్చినప్పుడు అడ్రినలిన్ లాంటి హార్మోన్లు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతాయి. వాటి సంకేతం అందుకున్న కొవ్వు కణాలు, అవి ఎక్కడున్నవైనా సరే, తమ నిల్వను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వదులుతాయి. పని చేస్తున్న కండరం వాటిని రక్తం నుంచే తీసుకుంటుంది. పొట్ట కండరానికీ పొట్ట కొవ్వుకూ మధ్య నేరుగా గొట్టమేదీ లేదు.

చెరువుతో పోల్చి చూడండి. ఏ గట్టున బిందె ముంచినా నీటిమట్టం చెరువంతటా దిగుతుంది. లోతు తక్కువ ఉన్న చోట నేల ముందుగా బయటపడుతుంది, లోతైన చోట చివరికి గానీ కనిపించదు. మీకు ముఖమో చేతులో ముందు సన్నబడి, పొట్ట చివరికి మిగలవచ్చు. ఆ వరసను వంశం, హార్మోన్లు, వయసు నిర్ణయిస్తాయి. మనం ఎంచుకున్న వ్యాయామం నిర్ణయించదు. మీరు తగ్గిన కిలోన్నరలో కొంత కొవ్వు కూడా ఉండే ఉంటుంది. అది పొట్ట నుంచే పోవాలని శరీరానికి నియమమేమీ లేదు, అంతే.

ఇది ఊహ కాదు, పరిశోధకులు పరీక్షించి చూశారు. 1984లో వెలువడిన ఒక అధ్యయనంలో 13 మంది మగవాళ్లతో 27 రోజుల్లో ఒక్కొక్కరి చేత 5,004 సిటప్స్ చేయించారు. ముందూ తర్వాతా పొట్ట, వీపు, పిరుదుల నుంచి కొవ్వు కణాలను తీసి కొలిచారు. కణాలు మూడు చోట్లా ఇంచుమించు ఒకేలా చిన్నవయ్యాయి. పొట్ట దగ్గర ప్రత్యేకంగా తగ్గిందేమీ లేదు. 2011లో మరో పరిశోధన వచ్చింది. 24 మందిలో కొందరి చేత ఏడు రకాల పొట్ట వ్యాయామాలను వారానికి ఐదు రోజులు, ఆరు వారాల పాటు చేయించారు. పొట్ట కండరాలు ఎక్కువసేపు ఓర్చుకోగలిగాయి గానీ పొట్ట కొవ్వు తగ్గలేదు. అంతకుముందు, 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచి చూశారు. రాకెట్ పట్టే చెయ్యి ఏళ్ల తరబడి రెండో చేతికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తుంది కదా. ఆ చేతిలో కండ ఎక్కువ ఉంది, చర్మం కింద కొవ్వు మాత్రం రెండు చేతుల్లోనూ ఒకేలా ఉంది.

లెక్క ప్రకారం చూసినా అంతే. మీ బరువున్నవాళ్లు వంద సిటప్స్ చేస్తే మహా అయితే 30 నుంచి 50 క్యాలరీలు ఖర్చవుతాయి. ముప్పావు గంట చురుగ్గా నడిస్తే దాదాపు 200. కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700 క్యాలరీలు.

బెల్టు గురించి అడిగారు. దయచేసి కొనకండి. కరిగిన కొవ్వు చెమటగా కారిపోతుందన్న నమ్మకం మీదే ఆ బెల్టులు అమ్ముడవుతున్నాయి. నిజానికి కొవ్వు శరీరం నుంచి పోయే ప్రధాన దారి ముక్కు. పది కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఊపిరితో బయటికి పోతుంది. మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. 2014లో ఇద్దరు శాస్త్రవేత్తలు వేసిన లెక్క ఇది. బెల్టు పెట్టుకుంటే చెమట పడుతుంది, బరువు తూచుకుంటే ముల్లు కాస్త దిగుతుంది, రెండు గ్లాసుల నీళ్లు తాగగానే మళ్లీ మామూలే. మీ విషయంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. పొట్టను బయటి నుంచి గట్టిగా బిగిస్తే లోపలి ఒత్తిడి కిందికి, మూత్రాశయాన్ని, గర్భసంచిని అడుగు నుంచి మోసే కటి కండరాల మీదికి మళ్లుతుంది. ప్రసవాలతో అలసిన కండరాలవి. ఫిజియోథెరపిస్టు చెప్పి కొన్నాళ్లు పెట్టుకోమనే సపోర్టు బెల్టు వేరు, అది వాళ్లు చూసి చెబుతారు.

ఇంతసేపూ కుదరదనే చెబుతున్నానని దిగులుపడకండి. పొట్టలో కొవ్వు రెండు రకాలు. చర్మం కింద చేతికి అందేది ఒకటి, లోపల పేగుల చుట్టూ, కాలేయం పక్కన పేరుకునేది మరొకటి. షుగర్‌కు, గుండె జబ్బులకు దారితీసేది ఎక్కువగా ఈ లోపలిదే. వ్యాయామానికి బాగా లొంగేది కూడా ఇదే. చురుకైన నడకలాంటి వ్యాయామాలు క్రమం తప్పకుండా చేస్తే, బరువు పెద్దగా మారకపోయినా లోపలి కొవ్వు తగ్గుతుంది. అద్దంలో ఏమీ కనిపించని మొదటి నెలన్నరలో కూడా మీ ఒంట్లో మేలు జరుగుతూనే ఉంటుంది.

మరి ఏం చేయాలి? మీ ప్రశ్నలో రెండు పనులు కలిసిపోయి ఉన్నాయి. కొవ్వు తగ్గించడం ఒక పని, పొట్ట కండరాలను బిగుతుగా చేయడం ఇంకో పని. మొదటిదానికి ఒళ్లంతా కదలాలి. రెండోదానికి పొట్టకు సరైన పని చెప్పాలి. మీరు రెండో పనికి సరిపడని వ్యాయామం ఒకటి ఎంచుకుని, దానితో మొదటి పని జరగాలని ఎదురుచూశారు. చాలామంది ఇదే చేస్తారు. నేను నేర్చుకునే రోజుల్లో నాకు శిక్షణ ఇచ్చినవారు కూడా పొట్ట తగ్గాలన్న ప్రతి ఒక్కరి చేతా క్రంచెస్ (పడుకుని తలా భుజాలూ మాత్రమే పైకి లేపే సగం సిటప్స్) చేయించేవారు. నేనూ కొన్నేళ్లు అదే నేర్పాను. ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన తల్లులు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నడకతో మొదలుపెట్టండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్లకు చెప్పిన కొలత వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. మధ్యస్థం అంటే మాట్లాడగలరు గానీ పాట పాడలేరు, ఆ మాత్రం ఆయాసం రావాలి. మీరు మొదటి రెండు వారాలు రోజుకు 20 నిమిషాలు నడవండి చాలు. తర్వాత వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచుతూ 40–45 నిమిషాలకు రండి. ఒకేసారి కుదరకపోతే ఉదయం కొంత, సాయంత్రం కొంత నడిచినా ఫలితం ఉంటుంది. నెల గడిచాక వారంలో రెండు రోజులు ఒక నిమిషం బాగా వేగంగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, ఇలా ఆరు నుంచి ఎనిమిది సార్లు నడవండి. ఈ విరామ పద్ధతి మామూలు నడక కంటే కొవ్వును ఎన్నో రెట్లు కరిగిస్తుందని ప్రచారం ఉంది. కొవ్వు విషయంలో రెండూ ఇంచుమించు సమానమే. తక్కువ సమయంలో అయిపోవడం దీనిలో లాభం, మీలాంటి తీరిక లేనివాళ్లకు అది పెద్ద లాభమే. ఆఫీసులో గంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయడం, ఫోన్ వస్తే తిరుగుతూ మాట్లాడటం, మెట్లెక్కడం లాంటివి చిన్నగా కనిపిస్తాయి గానీ రోజు మొత్తం మీద వీటికయ్యే ఖర్చు ఒక పూట వ్యాయామానికయ్యేదాన్ని దాటిపోగలదు.

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు బలం పెంచే వ్యాయామాలు చేయండి. పెద్ద కండరాలు ఎక్కడ ఉన్నాయో ముందు అక్కడ పని పెట్టాలి. అంటే తొడలు, పిరుదులు, వీపు, ఛాతీ. కుర్చీలో కూర్చుని లేచే స్క్వాట్లు 10, గోడకు చేతులు ఆనించి పుషప్స్ 10, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపే బ్రిడ్జ్ 12, వ్యాయామానికి వాడే పొడవాటి రబ్బరు బ్యాండును తలుపు గడియకు కట్టి మోచేతులు వెనక్కి లాగే రోయింగ్ 12. ఒక చుట్టు పూర్తయ్యాక నిమిషం ఆగి మళ్లీ చేయండి. మొదట రెండు చుట్లు, మూడో వారం నుంచి మూడు. గోడ పుషప్స్ తేలికైతే బల్ల మీదికి, అదీ తేలికైతే నేల మీదికి దిగండి. స్క్వాట్లకు చేతిలో బరువు పట్టుకోండి. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి. అదే బరువుతో, అదే లెక్కతో నెలల తరబడి చేస్తుంటే కండరానికి పెరగాల్సిన అవసరమే ఉండదు. రెండు నెలలు ఇంట్లో రెండు లీటర్ల నీళ్ల సీసాలతో చేసినా ఫలితం కనిపిస్తుంది. ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు.

ఇప్పుడు పొట్ట. మీకు బెల్టు ఇప్పటికే ఉంది, శరీరం లోపల. పొట్ట కండరాల్లో అన్నిటికంటే లోపలి పొర నడుము చుట్టూ అడ్డంగా చుట్టుకుని ఉంటుంది. దాని పేరు ట్రాన్స్‌వర్సస్ అబ్డామినిస్. పొట్టను లోపలికి పట్టి ఉంచేది ఇదే. సిటప్స్ ముఖ్యంగా పైపొరకే పని చెబుతాయి. లోపలి దీన్ని మేల్కొల్పడానికి వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నోటితో నెమ్మదిగా ఊపిరి వదులుతూ బొడ్డును వెన్ను వైపు మెల్లగా లోపలికి తీసుకోండి. నడుము నేలకు నొక్కేయకండి, ఊపిరి బిగబట్టకండి. ఐదు సెకన్లు ఉంచి వదలండి. ఇలా పదిసార్లు. పొట్టను అలా పట్టి ఉంచుతూనే ఒక మడమను నేల మీద జారుస్తూ కాలు చాపి, మళ్లీ దగ్గరికి తీసుకోండి. కాలు మార్చి చేయండి. చూసేవాళ్లకు ఇదీ ఒక వ్యాయామమేనా అనిపిస్తుంది. మీకు మాత్రం మొదటి రెండు వారాలు ఇదే అసలైన వ్యాయామం.

అది గట్టు లేవకుండా చేయగలిగాక బర్డ్ డాగ్, మోకాళ్ల మీద సైడ్ ప్లాంక్, డెడ్ బగ్ కలపండి. మొదటి రెండూ వెన్నెముక మీద ఎన్నో ఏళ్లు పరిశోధన చేసిన కెనడా శాస్త్రవేత్త స్టూవర్ట్ మెక్‌గిల్ నడుము నొప్పి ఉన్నవాళ్లకు సూచించిన మూడింటిలోనివి. బర్డ్ డాగ్‌కు చేతులు, మోకాళ్ల మీద ఉండి కుడి చేయి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపాలి. వీపు మీద నీళ్ల గిన్నె పెట్టారనుకోండి, అది తొణకకూడదు. పది సెకన్లు ఉంచి పక్క మార్చండి. ఒక్కో పక్క ఐదు సార్లు. సైడ్ ప్లాంక్‌కు పక్కకు తిరిగి మోచేయి, మోకాలు ఆనించి తుంటిని పైకి లేపాలి. ఇదీ పది సెకన్ల చొప్పునే. డెడ్ బగ్‌కు వెల్లకిలా పడుకుని చేతులు ఆకాశం వైపు చాపి, మోకాళ్లు తుంటి పైకి తెచ్చి, ఊపిరి వదులుతూ ఒక చేతిని, దానికి ఎదురు కాలిని నేల వైపు దించాలి. నడుము నేల నుంచి లేవనంత వరకే దించండి. లేచిందంటే అక్కడ ఆగి వెనక్కి రండి. ఈ మొత్తానికి పది నిమిషాలు పడుతుంది. బలం వ్యాయామాలు చేసిన రోజునే చివర్లో చేయండి. రోజూ అక్కర్లేదు, మిగతా కండరాల్లాగే పొట్ట కండరాలకూ విశ్రాంతి కావాలి.

ఇంకొకటి నాకు బాగా ఇష్టమైనది ఉంది. ఒక చేతిలో బరువైన సంచి పట్టుకుని, ఒరిగిపోకుండా నిటారుగా ముప్పై నలభై అడుగులు నడవడం. తర్వాత చేయి మార్చడం. సంచి ఒక పక్కకు లాగుతుంటే పడిపోకుండా ఆపేది రెండో పక్కనున్న డొక్క కండరాలే. పిల్లాడిని ఎత్తుకోవడం, సామాను మోయడం వంటి నిజమైన పనులకు ఇది శరీరాన్ని సిద్ధం చేస్తుంది. ప్లాంక్ (మోచేతులు, కాలివేళ్ల మీద ఒంటిని నిటారుగా నిలిపి ఉంచడం) ఐదు నిమిషాలు ఉంచిన వీడియోలు చూసి పోటీ పడకండి. పది, పదిహేను సెకన్లు సరైన భంగిమలో ఉంచి, ఆగి, మళ్లీ చేయడమే మీకు మేలు.

పొట్ట టోన్ అవ్వడం అంటే ఏదో ప్రత్యేకమైన ప్రక్రియ కాదు. కండరం కాస్త దళసరి అవ్వడం, దాని మీద కొవ్వు పొర పలచబడటం, అంతే. సిక్స్ ప్యాక్ గళ్లు ఆ నిలువు కండరానికి అడ్డంగా ఉండే పట్టీల వల్ల ఏర్పడతాయి. అవి ఎన్ని, ఎక్కడ అన్నది పుట్టుకతోనే ఖాయమవుతుంది. ఆడవాళ్లలో గళ్లు స్పష్టంగా కనిపించేంతగా కొవ్వు తగ్గించాలని పట్టుబడితే నెలసరి గతి తప్పే వాళ్లున్నారు. మీరు దాన్ని గురిగా పెట్టుకోకండి. ‘కింది పొట్టకు వేరే వ్యాయామం’ అని అమ్మేవాటినీ నమ్మకండి, ఆ కండరం పై నుంచి కింది దాకా ఒక్కటే. ఉదయం చదునుగా ఉండి సాయంత్రానికి పొట్ట ఉబ్బుతుంటే అది కొవ్వు కాదు, గ్యాస్ లేదా మలబద్ధకం. కొవ్వు గంటల్లో పెరగదు.

రాత్రి భోజనం మళ్లీ మొదలుపెట్టండి. మానేసిన పూట ఆకలి మరో పూట రెట్టింపుగా తీరుతుంది, అది మీ తప్పు కాదు. ప్రతి పూటా ప్రోటీన్ ఉండేలా చూసుకుని, రోజు మొత్తం మీద తీపి పానీయాలు, వేపుళ్లు, చిరుతిళ్లు తగ్గిస్తే చాలు. ప్రోటీన్ తగ్గితే శరీరం కొవ్వుతోపాటు కండను కూడా కరిగిస్తుంది. అప్పుడు బరువు తగ్గినా పొట్ట వదులుగానే ఉంటుంది.

నిద్ర గురించి మీరేమీ రాయలేదు. ఇద్దరు పిల్లల తల్లి, పొద్దున్నే లేచి వ్యాయామం, తర్వాత ఆఫీసు అంటే అది తక్కువే అయ్యుంటుందని నా అనుమానం. 2010లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో పది మందికి ఒకే రకంగా తగ్గించిన ఆహారం ఇచ్చి, రెండు వారాలు రాత్రికి 8.5 గంటలు, మరో రెండు వారాలు 5.5 గంటలు పడుకునే వీలు కల్పించారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. తక్కువ నిద్రలో మాత్రం కొవ్వు తగ్గడం సగానికి పైగా పడిపోయింది, దాని బదులు కండ పోయింది. అందుకే నిద్ర మానుకుని వ్యాయామం చేయొద్దని చెబుతున్నాను. తెల్లవారుజామున లేవలేని రోజు సాయంత్రం నడవండి. ఇంట్లో ఇంకెవరైనా అరగంట పిల్లల్ని చూసుకోగలరేమో నోరు తెరిచి అడగండి. మీ ఆరోగ్యం కోసం అరగంట అడగడం పెద్ద కోరికేమీ కాదు.

రెండు నెలల్లో ఫ్లాట్ అవుతుందా అన్నారు. అబద్ధం చెప్పి మిమ్మల్ని ఉత్సాహపరచను. తిండిలో, కదలికలో కలిపి రోజుకు 500 క్యాలరీల తేడా వచ్చిందనుకుంటే వారానికి 3,500, అంటే అరకిలో లోపు కొవ్వు. ఎనిమిది వారాలకు మహా అయితే మూడు, మూడున్నర కిలోలు. జీవితంలో అన్ని రోజులూ లెక్క ప్రకారం సాగవు కాబట్టి ఇంకాస్త తక్కువే అనుకోండి. బట్టలు వదులవుతాయి, నడుము నొప్పి తగ్గుతుంది, మెట్లెక్కితే ఆయాసం ఉండదు. పొట్ట పూర్తిగా చదునవడానికి రెండు నెలలు చాలవు. ఆరు నెలల నుంచి ఏడాది అనుకుంటే ఆశ సరైన కొలతలో ఉంటుంది. నడుము ఎత్తులో సగానికి మించకుండా ఉండటం ఆరోగ్యానికి మంచి గురి. మీ ఎత్తుకు అది 78 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అంటే 14 సెంటీమీటర్ల దారి. మొదటి నాలుగైదు తగ్గేసరికే మీకూ చూసేవాళ్లకూ తేడా తెలుస్తుంది.

వీటన్నిటికీ ముందు ఒకసారి డాక్టర్‌ను కలిసి థైరాయిడ్, షుగర్, రక్తపోటు చూపించుకోండి. నెలసరి సక్రమంగా లేకపోతే ఆ సంగతి చెప్పండి. నడుము నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా వ్యాయామం ఆపి ముందు వైద్యం చేయించుకోండి. నడిచేటప్పుడు ఛాతీలో బిగుతుగా అనిపిస్తే వెంటనే ఆగండి.

బరువు యంత్రాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టండి, కొలత టేపు తీసుకోండి. కింది పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి. ప్రతి రెండు వారాలకు ఒకసారి, ఉదయం పరగడుపున, అదే చోట. రేపు కొలిచి తేదీ వేసి రాసుకోండి. ఆ పక్కనే వేళ్లతో చూసిన సందు ఎంతుందో కూడా రాయండి, ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది. తర్వాత బూట్లు వేసుకుని 20 నిమిషాలు నడిచి రండి. రేపటికి ఇంకేమీ చేయకండి.